రిజిస్ట్రారు ఆఫీసు గేటు దగ్గర దొరికిన సాక్షి

మా నాన్నగారి వీలునామాలో రెండో సాక్షి ఎవరో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గీతలాంటి ఒక సంతకం, దాని కింద ‘బెంగళూరు’ అన్న ఒక్క మాట, అంతే. 2009లో నాన్న ఆ వీలునామాను రిజిస్టరు చేయించడానికి వెళ్ళినప్పుడు, తనతో పాతికేళ్ళు ఒకే ఆఫీసులో పనిచేసిన స్నేహితుణ్ణి మొదటి సాక్షిగా వెంట తీసుకువెళ్ళారు. రెండో సాక్షిగా రావలసిన పెద్దాయన ఆ రోజు ఒంట్లో బాగాలేక రాలేదు. దస్తావేజులు రాసే ఆయన “దానికేముంది సార్” అని, గేటు దగ్గర నిలబడి ఉన్న ఎవరినో పిలిచి సంతకం పెట్టించారట. పని ఇంత సులువుగా అయిపోయిందని నాన్న ఆ సాయంత్రం ఎంతో తృప్తిగా చెప్పారని అమ్మ అనేది. 2019లో నాన్న కాలం చేశాక తమ్ముడు ఆ వీలునామాను కాదనడంతో, ఆ సులువైన పనికి మేము ఐదేళ్ళ పాటు కోర్టులో సమాధానం చెప్పుకున్నాము.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం, ఈ మధ్య మా అపార్టుమెంటులోనే మూడు తెలుగు కుటుంబాల పెద్దలు నన్ను ఒకే మాట అడిగారు: “రిజిస్టరు అయిన వీలునామా కదమ్మా, ఇంకెవరు ఏం చేయగలరు?” నేను వకీలును కాదు. కానీ ఒక వీలునామాను మొదటి పేజీ నుంచి చివరి వేలిముద్ర దాకా కోర్టులో విప్పి పరిచినప్పుడు ఏమవుతుందో దగ్గరగా చూసిన మనిషిని. రిజిస్ట్రేషను మీద మన వాళ్ళకున్న ఈ గుడ్డి నమ్మకమే ఎన్నో కుటుంబాలను కోర్టు మెట్లు ఎక్కిస్తోందని నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకే తెలిసినంత వరకు స్పష్టంగా చెప్పాలనుకుంటున్నాను.

వీలునామాను రిజిస్టరు చేయించాలన్న నిర్బంధం చట్టంలో లేనే లేదు. స్టాంపు కాగితం కూడా అక్కరలేదు. తెల్ల కాగితం మీద, మనకు వచ్చిన భాషలో, సొంత చేతిరాతతో రాసుకున్నా అది వీలునామాయే. చట్టం నిర్బంధంగా అడిగేది మరొకటి. 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసిన వ్యక్తి సంతకం పెడుతుండగా వారిలో ప్రతి ఒక్కరూ చూసి ఉండాలి, లేదా “ఈ సంతకం నాదే” అని ఆయన నోటి నుంచి విని ఉండాలి. ఆ తరువాత ఆయన ఎదుటే తమ సంతకం పెట్టాలి. ఇద్దరూ ఒకే సమయంలో అక్కడ ఉండాలన్న నియమం లేదు గానీ, ప్రతి ఒక్కరి సంతకమూ ఆయన సమక్షంలోనే జరగాలి. మనం లాంఛనమనుకుని గేటు దగ్గర ముగించే పని ఇదే.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మా వకీలు గారు చెప్పే దాకా నేనూ ఎరగను. గిఫ్టు డీడు (దానపత్రం) వంటి సాక్షి సంతకం అవసరమైన పత్రం రిజిస్టరు అయి ఉంటే, అది ఆ మనిషి రాసిచ్చింది కాదని ప్రత్యేకంగా వాదిస్తే తప్ప, దాని సాక్షిని కోర్టుకు పిలవనక్కరలేదు. ఆ వెసులుబాటు నుంచి చట్టం వీలునామాను ప్రత్యేకంగా మినహాయించింది. పాత సాక్ష్య చట్టంలో 68వ సెక్షనుగా ఉన్న ఈ నియమం, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 67వ సెక్షనుగా కొనసాగుతోంది. వీలునామా రిజిస్టరు అయినా కాకపోయినా, సాక్షుల్లో ఒక్కరైనా బతికి ఉండి కోర్టుకు రాగలిగితే, ఆయనను పిలిపించి చెప్పించి తీరాలి. ఆలోచిస్తే కారణం అర్థమవుతుంది: అమ్మకపు పత్రం మీద అనుమానం వస్తే అమ్మినవాణ్ణి అడగవచ్చు, వీలునామా మీద అనుమానం వచ్చే నాటికి రాసినవాడు ఉండడు. ఆయన తరఫున మాట్లాడగలిగేది ఆ ఇద్దరే.

మా విషయంలో మొదటి సాక్షి నాన్న కంటే రెండేళ్ళు పెద్ద. నాన్న కంటే ముందే ఆయనా వెళ్ళిపోయారు. రెండో మనిషి కోసం మేము తిరగని చోటు లేదు. దస్తావేజులు రాసే ఆయన దుకాణం ఎప్పుడో మూసేశారు. సబ్ రిజిస్ట్రారు ఎదుట గుర్తింపు కోసం వెనక పేజీలో ఇంకో ఇద్దరు సంతకం పెట్టారు కదా, వాళ్ళు చాలరా అని మేము ఆశపడ్డాము. చాలరు. సాక్ష్యం చెప్పాలన్న ఉద్దేశంతో పెట్టిన సంతకమే సాక్షి సంతకమని, గుర్తింపు కోసం పెట్టింది దానంతట అదే అలా అయిపోదని సుప్రీంకోర్టు 1969లోనే చెప్పిందట. చివరికి, సాక్షి ఎవరూ దొరకనప్పుడు వర్తించే మరో నియమం మాకు దారి చూపింది. సాక్షుల్లో ఒక్కరి సంతకమైనా వారి చేతిరాతేనని, వీలునామా రాసిన వారి సంతకమూ వారిదేనని రుజువు చేయగలిగితే కోర్టు పరిశీలిస్తుంది. నాన్న స్నేహితుడి కుమారుడు తన తండ్రి పెన్షను కాగితాలు సంచిలో పెట్టుకుని హిందూపురం నుంచి రైలెక్కి మూడుసార్లు వచ్చి, బోనులో నిలబడి “ఇది మా నాన్న సంతకం” అని చెప్పాడు. ఆ కుర్రాడికి మా ఆస్తిలో పైసా రాదు. అతను రాకపోయి ఉంటే మా దావా ఏమై ఉండేదో తలచుకోవడానికే ఇష్టం లేదు.

రెండో చిక్కు బెంగళూరులో స్థిరపడిన మన వాళ్ళందరికీ పొంచి ఉన్నది. నాన్న తెలుగు చదివేవారు, ఇంగ్లీషు చదివేవారు, కన్నడం చక్కగా మాట్లాడేవారు; కన్నడ లిపి మాత్రం బస్సు బోర్డుల మేరకే వచ్చు. వీలునామా కన్నడంలో ఉంది, ఎందుకంటే రాసే ఆయనకు అదే అలవాటు. అవతలి వకీలు మా అన్నయ్యను అడిగిన మొదటి ప్రశ్న, “మీ నాన్నగారికి కన్నడం చదవడం వచ్చునా?” రాదని చెప్పక తప్పలేదు. మరి ఆయనకు చదివి వినిపించింది ఎవరు, అర్థం చెప్పింది ఎవరు, ఆ మాట పత్రంలో ఎక్కడ ఉంది అన్న ప్రశ్నలు దాని వెంటే వచ్చాయి. పత్రంలో ఎక్కడా లేదు. ఏ భాషలో రాసినా చెల్లే వీలునామాను, రాయించుకునే మనిషి చదవలేని భాషలో ఎందుకు రాయించాలి? తెలుగులో రాసుకుంటే కోర్టుకు అనువాదం ఇవ్వవలసి వస్తుంది, నిజమే. ఆ ఖర్చు ఎంతని, ఆ అనుమానం ఖరీదు ఎంతని?

అన్నయ్యకు ఎదురైన రెండో ప్రశ్న ఇంకా పదునైనది: నాన్నను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకువెళ్ళింది ఎవరు? ఆ రోజు నాన్నను కారులో ఆఫీసుకు తీసుకువెళ్ళింది అన్నయ్యే. ఇల్లు అమ్మకు జీవితకాలం, ఆమె తరువాత కింది భాగం అన్నయ్యకు, పై భాగం నాకు, ఊరి దగ్గరి పొలం తమ్ముడికి అని నాన్న రాశారు. వీలునామా వల్ల లాభం పొందే మనిషే దాన్ని రాయించడంలో ముందుండి నడిస్తే, ఆ అనుమానాన్ని తొలగించే భారం దాన్ని చూపించి హక్కు అడిగేవారి మీదే పడుతుందని, మన పక్కనున్న మైసూరు నుంచే వెళ్ళిన వెంకటాచల అయ్యంగారు కేసులో 1950ల చివరలోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ వీలునామా తగాదాల్లో వకీళ్ళు ముందుగా చదివే తీర్పు అదేనని విన్నాను. అన్నయ్య చేసింది కొడుకుగా తండ్రిని కారెక్కించి దింపడం, అంతే. కానీ ఆ సంగతి కాగితం మీద వేరేగా కనిపిస్తుంది. తమ్ముడిది దురాశ అని కూడా నేను అనను. నగరంలోని ఇంటికీ ఊళ్ళో పొలానికీ విలువలో ఇంత తేడా ఉన్నప్పుడు, తండ్రి నోటి నుంచి ఏనాడూ వినని పంపకాన్ని పెద్దకర్మ అయిన మర్నాడు అన్నగారు కవరులోంచి తీసి చదివితే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది.

నాన్న ఎందుకు చెప్పలేదు? వీలునామా మాట ఎత్తితే అమ్మ “అశుభం మాట్లాడకండి” అనేది కాబట్టి. చెబితే అప్పుడే గొడవ మొదలవుతుందని ఆయన భయపడ్డారు కాబట్టి. ఆ గొడవను ఆయన ఆపలేకపోయారు; తాను ఉన్నప్పుడు ఒక పూటలో తీరిపోయేదాన్ని తాను లేనప్పటికి వాయిదా వేశారు. ఆయన మీద నాకున్న ప్రేమలో ఏ లోటూ లేకుండానే ఈ మాట రాస్తున్నాను.

చెన్నైలో ఉన్న బంధువులు ఇప్పుడు ఇంకో భ్రమలో ఉన్నారు. మద్రాసు, బొంబాయి నగరాల పరిధిలోనూ పాత బెంగాల్ ప్రాంతంలోనూ హిందువులు రాసిన వీలునామాలకు, అక్కడి స్థిరాస్తి గురించి మరెక్కడ రాసిన వాటికైనా, ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తీసుకోకపోతే కోర్టులో హక్కు నిలబెట్టుకోవడానికి వీలుండేది కాదు. బెంగళూరుకు ఆ నిర్బంధం ఎన్నడూ లేదు. భారత వారసత్వ చట్టంలో దానికి మూలమైన 213వ సెక్షనును పార్లమెంటు 2025 డిసెంబరులో తొలగించింది. ఊరిని బట్టీ మతాన్ని బట్టీ మారే ఆ నిబంధన పోవడం న్యాయమేనని నేనూ అంటాను. అయితే మా పిన్ని “ఇక కోర్టుతో పనే లేదటగా” అని ఫోను చేసినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. పోయింది ప్రొబేట్ నిర్బంధం మాత్రమే, రుజువు చేయవలసిన బాధ్యత కాదు. ఎవరైనా కాదన్న రోజున మద్రాసు వీలునామాకైనా ఆ ఇద్దరు సాక్షులే దిక్కు.

పక్కపక్కనే వినిపించే మరికొన్ని అపోహలను త్వరగా చెప్పి వదిలేస్తాను. బ్యాంకు ఖాతాకు, షేర్లకు నామినీ పేరు రాసినంత మాత్రాన ఆ సొమ్ము నామినీది అయిపోదు. ఆయన దాన్ని అందుకుని వారసులకు అప్పగించవలసిన మనిషి మాత్రమే. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే ఖాయం చేసింది. వీలునామా లేకుండా హిందూ పురుషుడు పోతే, భార్యాపిల్లలతో పాటు ఆయన తల్లికీ సమాన వాటా ఉంటుంది. ఆ తల్లిని లెక్కలో మరచిపోయే కుటుంబాలను చూస్తే నాకు కోపం వస్తుంది. బెంగళూరులో ఇంటి ‘ఖాతా’, అంటే నగరపాలక సంస్థ పన్ను రికార్డు, మన పేరుకు మారిందంటే పన్ను మన పేరున కడతామని అర్థం, యాజమాన్యం రుజువైపోయిందని కాదు. పిత్రార్జితమైతే తండ్రి తన వాటా మేరకే వీలునామా రాయగలరు. కూతురికి పుట్టుకతో సమాన వాటా 2005 సవరణతో దేశమంతటా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఆ హక్కును అంతకు చాలా ముందే, 1986లో చేసిన చట్టంతో ఇచ్చింది. ఇంత జరిగినా “పసుపు కుంకుమ ఇచ్చాం కదా, ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా” అని ఆడపిల్ల చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయించుకునే ఇళ్ళు నాకు తెలుసు. అది చదవకుండా ఏ ఆడపిల్లా సంతకం పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

మళ్ళీ సాక్షి దగ్గరికే వస్తాను. మీ ఈడు వారిని, అందులోనూ మీ కంటే పెద్దవారిని సాక్షిగా పెట్టకండి. మీ కంటే ఇరవై ఏళ్ళు చిన్నవారిని, మిమ్మల్ని నిజంగా ఎరిగినవారిని, ఆస్తిలో ఏ లాభమూ లేనివారిని అడగండి. “కోర్టు పిలిస్తే వస్తావా?” అని ముందే అడగండి, ఎందుకంటే మీరు కోరుతున్నది సంతకం కాదు, ఆ రాక. పూర్తి పేరు, తండ్రి పేరు, చిరునామా వారి చేతనే రాయించండి. మీకు చదవడం వచ్చిన భాషలోనే రాయించండి. వయసు పైబడి ఉంటే, స్పృహలో తెలివితో ఉన్నారని డాక్టరు చేత ఆ రోజు తేదీతోనే రాయించుకోండి. సాక్షి ఒకరు పోతే వీలునామా మళ్ళీ రాయండి. బతికి ఉండగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. రిజిస్టరు కూడా చేయించండి, దానికి విలువ లేదని నేను అనడం లేదు: కాగితం పోదు, తేదీ మారదు. కానీ అది సాక్షి చేయవలసిన పని చేయదు.

మా దావాలో తీర్పు వీలునామాకు అనుకూలంగానే వచ్చింది. అది వినడానికి అమ్మ లేదు, అప్పటికి ఏడు నెలలయింది. ఆమె సంవత్సరీకానికి తమ్ముడు వచ్చి పిండప్రదానం ముగియగానే భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు.

నేను పోయిన నెలలో నా వీలునామా తెలుగులో, నా చేతిరాతతో రాసుకున్నాను. ఎదురింటి అమ్మాయికి ముప్పై ఒక్కేళ్ళు, మావారి శిష్యుడికి ముప్పై నాలుగు. ఇద్దరూ నా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, నేను సంతకం పెట్టడం చూసి, తరువాత తమ సంతకాలు పెట్టారు. అదే ఆదివారం పిల్లలిద్దరినీ ఫోనులో పిలిచి ఏది ఎవరికి, ఎందుకు అన్నది చదివి వినిపించాను. అమ్మాయి కాసేపు ఏడ్చింది, అబ్బాయి రెండు ప్రశ్నలు అడిగాడు, రెండింటికీ జవాబు చెప్పాను. మొన్న ఎదురింటి అమ్మాయి ఇల్లు మారుతూ కొత్త చిరునామా చీటీ మీద రాసి ఇచ్చింది. ఆ చీటీని వీలునామా కవరుకు అంటించి పెట్టాను.