మోంటె బుట్టబండికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బుట్టబండి గారికి,

పోర్చుగల్ వారి మదీరా ద్వీపంలో, ఫుంచల్ నగరానికి ఎగువనున్న మోంటె కొండ మీద, చర్చి మెట్ల దిగువన కొలువుతీరిన తమరికి నమస్కరించి వ్రాయునది. తమకు చక్రాలు లేవు, స్టీరింగు లేదు, బ్రేకు లేదు. ఉన్నదల్లా విల్లో బెత్తాలతో అల్లిన ఒక సోఫా, దాని కింద వాలు రోడ్డు మీద జారే రెండు చెక్క బద్దలు మాత్రమే. 1850 ప్రాంతంలో జనాన్ని నగరానికి దింపడానికి పుట్టిన తమరు ఇన్నేళ్లలో ఒక్క చక్రానికైనా లొంగకపోవడం మెచ్చుకోదగ్గ మొండితనమే.

మేము ఆ ద్వీపానికి వచ్చింది ప్రశాంతత కోసం. అగ్నిపర్వతపు లావాతో ఏర్పడిన నేల అయినా అక్కడి తీరంలో ఎండ మాడ్చదు, చలి వణికించదు, ఏ నెలలో చూసినా ఏదో ఒక పూవు ఉంటుంది. లెవడా అనే సాగునీటి కాలువల గట్లు చాలాచోట్ల ఎంత ఇరుకంటే, భార్యాభర్తలు ఒకరి వెనుక ఒకరు నడవవలసిందే. కనుక మాటకు మాట పెరిగే అవకాశమే ఉండదు. ఆ కాలువలు తవ్వినవారు సంసారులై ఉంటారని నా అనుమానం.

తమరు మాత్రం మమ్మల్ని భుజాలు ఒరుసుకునేలా పక్కపక్కన కూర్చోబెట్టి, తెల్లని దుస్తులు, గడ్డి టోపీలు ధరించిన ఇద్దరు కరెయిరోల, అంటే తమను నడిపేవారి, చేతికి అప్పగించారు. వారి బూట్ల కింది మందపాటి రబ్బరే తమ బ్రేకని మాకు మొదటి మలుపులో, ఎదురుగా కారు వస్తుండగా తెలిసింది. మా వారు నా చేయి గట్టిగా పట్టుకుంటే పాణిగ్రహణం నాడు కూడా ఇంత ఆప్యాయత చూపలేదే అని మురిసిపోయాను; తీరా చూస్తే ఆయన కళ్లు మూసుకుని, బుట్ట అంచు అనుకుని పట్టుకున్నారట. గాజు అచ్చు మణికట్టు మీద సాయంత్రం దాకా ఉంది. గోడల మీంచి వేలాడే కాగితంపూలు, తీరిగ్గా చూద్దామనుకున్నవి, ఒక ఎర్రటి గీతగా వెనక్కి వెళ్లిపోయాయి.

అంతా సహించేదాన్నే. కానీ రెండు కిలోమీటర్లు జారి లివ్రమెంటు అనే చోట ఆగి, "ఇక దిగండి" అనడమేమిటి? నగరం ఇంకా కిందనే ఉంది కదా! రాజ్యం పోయి ప్రవాసం వచ్చిన ఆస్ట్రియా చివరి చక్రవర్తి కార్ల్ 1922లో మోంటెలోనే కన్నుమూసి ఆ చర్చిలోనే ఉండిపోయారు. ఆయనను అసలు దింపనే లేదు, మమ్మల్ని సగమే దింపారు. అక్కడ మా కోసం సిద్ధంగా ఉన్నది ఫొటో ఒక్కటే: అందులో మా వారికి కళ్లు లేవు, నాకు నోరు తప్ప మరేమీ లేదు. అయినా యూరోలు చెల్లించి కొన్నాము.

మిగిలిన వాలు మోకాళ్లు పట్టుకుని, ఒకరి వెనుక ఒకరం దిగాము. దారిలో ఒక గోడ పక్క నీలి అగపాంథస్ పూల గుత్తి దగ్గర ఆయన ఆగి, ఈసారి కళ్లు తెరిచే, నా చేయి పట్టుకున్నారు. అది తమ ఖాతాలో జమ చేసుకోవద్దని మనవి.

ఇట్లు,
తమ బుట్టలో పడిన దంపతులలో ఒకరు