‘ఐదేళ్లకే అంతా అయిపోతుంది’ అన్న మెసేజ్‌కి నా జవాబు

మొన్న రాత్రి పదకొండు దాటాక మా చెల్లి ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు తెలుస్తోంది. "అక్కా, వచ్చే నెల మా బాబుకి ఐదేళ్లు నిండుతున్నాయి. నేను వాడికేమీ చేయలేకపోయాను" అంది. ఏమైందోనని భయపడ్డాను. తీరా చూస్తే వాట్సాప్‌లో వచ్చిన ఒక మెసేజ్ చదివి ఆ టెన్షన్. అదే మెసేజ్ అప్పటికే నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది, చూడకుండా వదిలేశాను. ఆ రాత్రి కూర్చుని మొత్తం చదివాను.

అందులో ఉన్నది ఇది. పిల్లల మెదడు ఐదేళ్లకు పూర్తిగా తయారైపోతుంది, ఆ తర్వాత ఏం చేసినా మారదు. కాబట్టి ఈలోపే మొజార్ట్ అనే పాతకాలపు యూరప్ సంగీతకారుడి సంగీతం వినిపించాలి. బిడ్డ చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా అని తేల్చుకుని ఆ పద్ధతిలోనే నేర్పాలి. ఏ మంచి అలవాటైనా 21 రోజులు వరుసగా చేయిస్తే జీవితాంతం ఉంటుంది, ఒక్క రోజు తప్పితే మళ్లీ మొదటికే వస్తుంది. మిఠాయి ముందు పెట్టి ఆగగలడా లేదా చూస్తే బిడ్డ భవిష్యత్తు తెలిసిపోతుంది. ఆఖర్న ఇంకొకటి: ఒక్కసారి గట్టిగా అరిచినా పిల్లల మెదడులో కణాలు చచ్చిపోతాయి.

ఇవి ఊరికే అల్లిన అబద్ధాలైతే ఇంతమంది నమ్మేవారు కాదు. దాదాపు ప్రతి దాని వెనకా ఎవరో నిజంగా చేసిన పరిశోధన ఉంది. చేతులు మారుతూ మారుతూ అందులోని ‘కొంతవరకు’, ‘కొందరిలో’ లాంటి మాటలు రాలిపోయాయి, భయం మాత్రం మిగిలింది. ఒక్కొక్కటే తీసుకుని చెబుతాను.

"మెదడు ఐదేళ్లకు పూర్తవుతుంది"

ఆరేళ్లు వచ్చేసరికి పిల్లల మెదడు పరిమాణంలో పెద్దవాళ్ల మెదడుకు దాదాపు 90 శాతం ఉంటుంది. ఇది నిజమే. కానీ అది సైజు సంగతి. ఇల్లు కట్టి పైకప్పు వేసినంత మాత్రాన లోపల కరెంటు వైర్లు, నీళ్ల పైపులు అన్నీ అయిపోయినట్టు కాదు కదా. మెదడులో అసలు పని ఆ తర్వాతే చాలా జరుగుతుంది. నిజానికి పసితనంలో నాడీకణాల మధ్య అతుకులు పెద్దవాళ్లకంటే ఎక్కువ ఉంటాయి. పెరిగేకొద్దీ వాడనివి తగ్గుతూ, వాడేవి గట్టిపడుతూ వస్తాయి. నుదుటి వెనక ఉండే భాగం, అంటే కోపాన్ని ఆపుకోవడం, ముందుచూపుతో ఆలోచించడం, ఒక పని మీద నిలబడడం వంటివాటికి ఆధారమైన భాగం, ఇరవై ఏళ్లు దాటాక కూడా మారుతూనే ఉంటుంది. నాలుగేళ్ల పిల్లాడు బజారులో నేలమీద పడి ఏడుస్తుంటే వాడిలో ఏదో లోపం ఉందని కాదు. ఆపుకోవడానికి కావాల్సిన ఏర్పాటు వాడి తలలో ఇంకా తయారవుతోంది.

మరి తొలి ఏళ్లకు ప్రత్యేకత లేదా? ఉంది, దాన్ని తక్కువ చేయను. పుట్టుకతో కంట్లో శుక్లం ఉన్న బిడ్డకు దాన్ని తొందరగా తీయకపోతే తర్వాత తీసినా చూపు సరిగా రాదు. చెవులు వినపడని బిడ్డకు సైగల భాషైనా, పరికరం సాయంతో మాటైనా తొలి ఏళ్లలోనే అందాలి. రొమేనియా అనాథాశ్రమాల్లోని పసివాళ్ల మీద 2000 సంవత్సరం తర్వాత చాలాకాలం సాగిన ఒక అధ్యయనం ఉంది. ఎత్తుకునేవాళ్లు, పలకరించేవాళ్లు లేక పడి ఉన్న ఆ పిల్లల్లో కొందరిని కుటుంబాలకు పెంపకానికి ఇచ్చారు. చాలా విషయాల్లో రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఎక్కువగా కోలుకున్నారు. మనసు మెలిపెట్టే నిజం అది. కానీ గమనించండి, అక్కడ లేనిది ఫ్లాష్‌కార్డులు కాదు, తమదంటూ ఒక మనిషి. రాత్రి పక్కన పడుకునే అమ్మ, తప్పటడుగులు వేస్తుంటే చేయి పట్టుకునే నాన్న ఉన్న ఇంటికి ఆ ఉదాహరణ తెచ్చి భయపెట్టడం అన్యాయం. చదవడానికి, లెక్కలకి, ఈతకి, స్నేహాలకి ఐదో పుట్టినరోజున మూసుకుపోయే తలుపు ఏదీ లేదు.

మొజార్ట్ సంగతి, ‘నేర్చుకునే రకం’ సంగతి

ఈ రెండూ త్వరగా తేలిపోతాయి. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ వినిపించి, కాగితం మడిచి కత్తిరిస్తే ఎలా కనిపిస్తుంది లాంటి ప్రశ్నలు ఇచ్చారు. కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పది, పదిహేను నిమిషాలే నిలిచింది. అంతే. అందులో పసిపిల్లలు లేరు, తెలివి శాశ్వతంగా పెరిగిందన్న మాటా లేదు. అయినా 1998లో జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్ పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం రికార్డు ఇవ్వడానికి బడ్జెట్‌లో డబ్బు అడిగేంత దూరం వెళ్లింది ఆ వార్త. పిల్లలతో కలిసి పాడండి, చప్పట్లు కొట్టండి, సంగీతం ఇష్టమైతే నేర్పించండి. సంగీతం కోసమే సంగీతం చాలు.

చూసి, విని, చేసి నేర్చుకునే రకాల మాట కూడా ఇలాంటిదే. పిల్లలకు ఇష్టాలు ఉంటాయి, కాదనను. కానీ ఆ ‘రకం’ చూసి దానికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారా అని నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, దానికి సరైన ఆధారం లేదని 2008లో తేల్చారు. ఆలోచిస్తే మనకే తెలుస్తుంది. మ్యాపు చూడాలి, ఉచ్చారణ వినాలి, సైకిలు తొక్కాలి. పద్ధతిని తేల్చేది నేర్చుకునే విషయమే. నాకు దీంట్లో బాధ కలిగించేది వేరే ఉంది. "నువ్వు చదివి నేర్చుకునే రకం కాదులే" అని ఆరేళ్ల పిల్లకి ఒకసారి చెబితే, ఆ పిల్ల పుస్తకం పక్కన పెట్టేయడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

"21 రోజులు చేస్తే అలవాటు, ఒక్క రోజు తప్పితే మళ్లీ మొదటికే"

మా చెల్లిని ఎక్కువ ఏడిపించింది ఇదే. గోడకి చార్టు అంటించి, రోజూ టిక్కులు పెట్టి, పదిహేడో రోజున పిల్లాడికి జ్వరం వచ్చి పళ్లు తోమించకపోతే, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టిందట. అలా మూడుసార్లు.

ఈ 21 ఎక్కడిదంటే, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట. ఆపరేషన్ అయ్యాక తన రోగులకు అద్దంలో కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ‘కనీసం’ అన్న మాట ఎవరి చేతిలోనో జారిపోయింది. కొత్త ముక్కుకి అలవాటు పడడానికీ, రోజూ రాత్రి పళ్లు తోముకోవడానికీ సంబంధం ఏమిటో ఎవరూ అడగలేదు.

అలవాటు మీద నేరుగా చేసిన అధ్యయనం లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందానిది, 2009లో వచ్చింది. 96 మంది పెద్దవాళ్లు తలా ఒక పని ఎంచుకుని 12 వారాలు ప్రయత్నించారు. పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి సగటున 66 రోజులు పడుతుందని లెక్క తేలింది. ఒకరికి 18 రోజులే, ఇంకొకరికి 254 రోజులు (12 వారాలు దాటిన అంకెలు, అప్పటిదాకా కనిపించిన తీరును బట్టి కట్టిన అంచనాలు). తేలికైన పని త్వరగా, కష్టమైన పని ఆలస్యంగా. ఇంకొకటి కూడా తేలింది, మెసేజ్ రాసినవాళ్లు అది చదివి ఉంటే బాగుండేది: మధ్యలో ఒక రోజు తప్పడం వల్ల చెప్పుకోదగ్గ నష్టం ఏమీ జరగలేదు.

పెద్దవాళ్లకే ఇంత తేడా ఉంటే నాలుగేళ్లవాడికి ఒక అంకె పెట్టి కూర్చోవడం ఎందుకు? ఆ అధ్యయనంలో పనికొచ్చే సంగతి రోజుల లెక్క కాదు, ప్రతి ఒక్కరూ తమ పనిని రోజూ జరిగే ఇంకో పనికి ముడిపెట్టుకున్నారు. పిల్లలకి గడియారం తెలియదు కానీ వరస తెలుస్తుంది. స్నానం, తర్వాత బట్టలు, తర్వాత కథ, తర్వాత లైటు. ఆ వరస కుదిరితే నిద్ర కూడా దారిలో పడుతుంది. నిజంగా ఏదైనా ఒక అంకె పట్టుకోవాలంటే నిద్ర అంకె పట్టుకోండి: మూడు నుంచి ఐదేళ్లవాళ్లకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్లవాళ్లకి 9 నుంచి 12 గంటలు. నిద్ర చాలని పిల్లలకి ఏకాగ్రత తగ్గుతుంది, చిరాకు పెరుగుతుంది, దాన్ని మనం అల్లరి అనుకుని తిడతాం.

"మిఠాయి పరీక్షతో భవిష్యత్తు తెలుస్తుంది"

ఇది చదివి ఎంతమంది ఇళ్లలో పిల్లల ముందు మిఠాయి పెట్టి కెమెరా ఆన్ చేశారో తలచుకుంటేనే బాధేస్తోంది. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన పరీక్ష అది. నాలుగైదేళ్ల పిల్లల ముందు ఒక మార్ష్‌మాలో లాంటి తీపి పెట్టి, "నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తాను" అని బయటికి వెళ్లేవారు. ఎక్కువసేపు ఆగిన పిల్లలు పెద్దయ్యాక పరీక్షల్లో మెరుగైన మార్కులు తెచ్చుకున్నారని తర్వాత తేలింది. కానీ వాళ్లలో చాలామంది ఆ యూనివర్సిటీ చుట్టుపక్కల కుటుంబాల పిల్లలు. 2018లో అన్ని రకాల కుటుంబాల నుంచి దాదాపు 900 మంది పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, ఆగడానికీ తర్వాతి చదువుకీ ఉన్న సంబంధం సగానికి తగ్గింది. ఇంటి పరిస్థితులు, తల్లి చదువు వంటివి లెక్కలోకి తీసుకుంటే చాలావరకు మాయమైంది.

నాకు అంతకంటే ముఖ్యమైనది 2013లో రోచెస్టర్ యూనివర్సిటీ నుంచి వచ్చిన చిన్న ప్రయోగం. 28 మంది పిల్లలు. ముందు బొమ్మలు గీయమని పాత రంగులు ఇచ్చి, "ఆగు, మంచివి తెస్తాను" అన్నారు. సగం మందికి నిజంగా తెచ్చారు. మిగతా సగానికి "అయ్యో, లేవు" అని ఖాళీ చేతులతో వచ్చారు. స్టిక్కర్లతో కూడా అలాగే. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలు. అక్కడ 14 మందిలో తొమ్మిది మంది చివరిదాకా ఆగితే, ఇక్కడ 14 మందిలో ఒక్కరే ఆగారు.

చిన్న ప్రయోగమే, దాని మీద పెద్ద మేడ కట్టను. కానీ అది చదివినప్పటి నుంచి ‘ఐదు నిమిషాల్లో వస్తాను’ అని పిల్లలతో అనేముందు ఆగి ఆలోచిస్తున్నాను. ఆగని పిల్లాడు బలహీనుడు కాకపోవచ్చు. రెండోది వస్తుందని నమ్మలేని చోట చేతిలో ఉన్నది తినేయడమే తెలివి. పరీక్ష పెట్టాలంటే మనకి మనం పెట్టుకోవాలి: సాయంత్రం పార్కుకి తీసుకెళ్తానని చెప్పి ఈ నెలలో ఎన్నిసార్లు తప్పాం? ఎందుకు తప్పామో వాళ్లకి చెప్పామా, లేక మరిచిపోతారులే అనుకున్నామా?

"ఒక్కసారి అరిస్తే కణాలు చచ్చిపోతాయి"

దీనికి ఆధారం లేదు. రోజూ తిట్లు, అవమానాలు, కొట్టడం, భయంలో పెరగడం పిల్లలకి హాని చేస్తాయి. అందులో సందేహం అక్కర్లేదు, ఆ హానిని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. కానీ దాన్ని తీసుకొచ్చి, ఆఫీసు నుంచి అలసి వచ్చి ఒకసారి గొంతు పెంచిన తల్లి నెత్తిన పెట్టడం వేరు. నేరం చేశాననుకున్న మనిషి పిల్లల కళ్లలోకి చూడలేకపోతుంది. మా చెల్లి అదే చేసింది. అరిచినందుకు సిగ్గుపడి రెండు రోజులు వాడితో సరిగా మాట్లాడలేదట.

ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లుల్నీ పసిబిడ్డల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, క్షణక్షణం గమనించాడు. బాగా కలిసిమెలిసి ఉన్న జంటల్లో కూడా ఇద్దరి భావాలు సరిగ్గా కుదిరింది దాదాపు 30 శాతం సమయంలోనే. మిగతాదంతా తప్పడం, మళ్లీ కుదుర్చుకోవడం. బిడ్డ ఇటు చూస్తే తల్లి అటు చూస్తుంది, తర్వాత ఒకరినొకరు వెతుక్కుని నవ్వుకుంటారు. తెగిన చోట మళ్లీ కలుస్తామన్న నమ్మకం బిడ్డకి ఆ సర్దుబాట్లలోంచే వస్తుందని ఆయన చెప్పాడు.

మైండ్‌ఫుల్ పేరెంటింగ్, అంటే ఎరుకతో పిల్లల్ని పెంచడం అంటే, ఎప్పుడూ కోపం రాని మనిషిగా మారిపోవడం అని ఈ మెసేజ్‌లన్నీ నమ్మిస్తున్నాయి. అది కాదు. కోపం వస్తున్నప్పుడు దవడ బిగుసుకోవడం, గొంతు పెరగడం మనకి తెలియడం. తెలిస్తే కొన్నిసార్లు ఆగుతాం, కొన్నిసార్లు ఆగలేం. ఆగలేకపోయిన రోజున కాసేపటికి పక్కన కూర్చుని "ఇందాక గట్టిగా అరిచాను. నీకు భయం వేసింది కదా. పాలు ఒలికినందుకు అంత అరవాల్సింది కాదు" అని చెప్పడం. "నువ్వు అలా చేశావు కాబట్టే అరిచాను" అని తోక తగిలించకుండా ఉండడం, ఇది నాకు ఇంకా సరిగా చేతకాదు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నేల తుడవడం. తప్పు చేసినవాళ్లు ఏం చేయాలో పిల్లలు పుస్తకంలో నేర్చుకోరు, ఆ గుడ్డ పట్టుకుని నేర్చుకుంటారు.

ఇవన్నీ ఆ రాత్రే చెల్లికి చెప్పాను. గోడ మీది చార్టు తీసేసిందట. తర్వాత ఆ మూడు గ్రూపుల్లో కూడా క్లుప్తంగా రాసి పెట్టాను. ఎక్కువమంది చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఒకామె మాత్రం విడిగా మెసేజ్ చేసింది: "అక్కా, మా బాబుకి రెండున్నరేళ్లు. ఒక్క మాట కూడా రాలేదు, పిలిస్తే తిరిగి చూడడు. తొందర ఏమీ లేదని మీరే రాశారు కదా, ఆగమంటారా?" వెంటనే ఫోన్ చేశాను. ఆగొద్దు అన్నాను. ఐదేళ్లకి తలుపు మూసుకుపోతుందని కాదు, బాబుకి వినపడుతోందో లేదో ముందు తెలియాలి కాబట్టి. ఈ వారమే పిల్లల డాక్టర్‌కి చూపించి వినికిడి పరీక్ష చేయించమన్నాను, వినికిడి బాగానే ఉందని తేలినా అక్కడితో వదిలేయకుండా మాట ఎందుకు రాలేదో చూడమని అడగమన్నాను. గురువారానికి అపాయింట్‌మెంట్ దొరికిందట.