మహారాజశ్రీ చార్టు పేపరు గారికి

మహారాజశ్రీ సాంఘికశాస్త్రం ప్రాజెక్టు చార్టు పేపరు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు స్టాఫ్‌రూం బీరువా మీద చుట్టచుట్టుకుని, నడుముకి రబ్బరుబ్యాండు బిగించుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాం. మళ్ళీ ఎఫ్ఏ (బడిలో ఏడాది మధ్యలో జరిపే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) వచ్చింది. 20 మార్కుల్లో ప్రాజెక్టు పనికి 5. ఆ అయిదూ తమరి చలవే.

తమరి తయారీ అందరికీ కంఠతా వచ్చు. ఎర్ర స్కెచ్చుతో 'మంచి పౌరుడు', చుట్టూ గ్లిట్టరు అంచు, మధ్యలో నెట్ సెంటరువాడు తీసిచ్చిన కలర్ బొమ్మలు, కింద ప్రాథమిక విధులు. ఆ విధులైనా సరిగ్గా ఉంటాయా? 1976లో 42వ సవరణ తెచ్చిన 10 మాత్రమే రాస్తారు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు తల్లిదండ్రులు చదువు అవకాశం కల్పించాలని 2002లో 86వ సవరణ చేర్చిన పదకొండోది ఉండదు. పిల్లల కోసం పెట్టిన విధికే పిల్లల చార్టులో చోటు చాల్లేదు. గ్లిట్టరుకి చాలింది.

ఇక ముగింపు: 'ఈ ప్రాజెక్టు ద్వారా పౌరుల బాధ్యతలు తెలుసుకున్నాను.' 40 మందిదీ అదే వాక్యం, అవే అచ్చుతప్పులు. ఇంత ఏకాభిప్రాయం ఏ గ్రామసభలోనూ కుదరదు.

ఇప్పుడొక చేదువార్త. తమరికి పోటీగా ఓ రూళ్ళ నోటుబుక్కూ, ఓ ప్లాస్టిక్ బకెట్టూ బయల్దేరాయి. జట్టుకి అయిదుగురు పిల్లలు, ఒక వీధి, 7 రోజులు. నల్లా వచ్చిన టైమూ ఆగిన టైమూ రోజూ రాయాలి. బకెట్టు ఎన్ని నిమిషాల్లో నిండిందో మూడుసార్లు చూడాలి: నీళ్ళు మొదలైనప్పుడు, మధ్యలో, ఆగబోయే ముందు. మొదట్లో ధార జోరుగా ఉంటుంది కాబట్టి ఒక్కసారే కొలిస్తే లెక్క ఉబ్బుతుంది. ముందుగా లీటరు సీసాతో బకెట్టునే కొలుచుకోవాలి. 20 లీటర్లదని కొన్నది 17 దగ్గరే పొర్లిపోవచ్చు.

20 లీటర్లు 4 నిమిషాల్లో నిండి, నల్లా 40 నిమిషాలు వస్తే 200 లీటర్లు. ఇంట్లో అయిదుగురుంటే తలకి 40. తెలంగాణ పల్లెల్లో ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పెట్టుకున్న లెక్క రోజుకి తలకి 100. మిగతా 60 ఏమయ్యాయి?

కొంత పక్కింటి మోటారులోకి పోయి ఉండొచ్చు. 'నల్లాకి మోటారు పెట్టారా?' అని అడిగితే ఊరంతా లేదనే అంటుంది. 'మీ సంపు ఎంతసేపట్లో నిండుతుంది?' అని అడగాలి, గుట్టు ఆ నిమిషాలే చెబుతాయి. ఆ మోటారు జట్టులో ఒకడి ఇంట్లోదే అని తేలిన రోజున నోటుబుక్కులో ఏం రాయాలో టీచరు చెప్పకూడదు. ఆ అయిదుగురే పోట్లాడుకుని తేల్చుకోవాలి. తమరి మీద ఇంతవరకూ ఎవరైనా పోట్లాడుకున్నారా, స్కెచ్చుపెన్ను కోసం తప్ప?

తమరి నుదుట 'నేటి బాలలే రేపటి పౌరులు' అని ఉంటుంది. ఓటుకైతే 18 ఏళ్ళు నిండాలి, నిజమే. సమాచార హక్కు చట్టం మాత్రం 'పౌరులందరికీ' అని ఊరుకుంది, వయసు అడగలేదు. తొమ్మిదో తరగతి పిల్ల ఇవాళే దరఖాస్తు పెట్టొచ్చు. మన దగ్గర గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. తమరి ఖరీదుకంటే చవకే.

అయితే 'నీళ్ళెందుకు రావడం లేదు?' అని రాస్తే అది ఫిర్యాదవుతుంది, పంచాయతీ కార్యదర్శి పక్కన పడేస్తాడు. 'గత 3 నెలల్లో ట్యాంకు నింపిన తేదీల రికార్డు నకలు ఇప్పించగలరు' అంటే సమాచారం అడిగినట్టు. జవాబుకి గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు. ఇక్కడే తమరి గెలుపు: ఎఫ్ఏ మార్కులు 10 రోజుల్లో ఎక్కించాలట. జవాబు రాకముందే మార్కులు వచ్చేస్తాయి. దరఖాస్తు నకలుకీ, ఏడు రోజుల లెక్కలకీ అప్పుడే మార్కులు వేసి, జవాబు సంగతి తర్వాతి ఎఫ్ఏకి తోసేస్తే సరిపోతుందని మా ఆలోచన. తమరి సమ్మతి కోరుతున్నాం.

తమరి పొట్టేమీ కొట్టం. ఆ లెక్కలకో పెద్ద పట్టిక గీయాలి, తమరి వెనకవైపు ఖాళీగానే ఉంది. గ్లిట్టరు దులుపుకుని పంచాయతీ ఆఫీసు గోడ దాకా ఓసారి రాగలరా?

ఇట్లు,
ఇన్నాళ్ళూ తమరికి 5కి 5 వేస్తూ వచ్చినవాళ్ళం.

తా.క.: బీరువా మీద చెదలు కనబడుతున్నాయి. గ్లిట్టరు జోలికి పోవడం లేదు, విధుల వరకే తింటున్నాయి.