సవరణ: మ్యూజిక్ థెరపీ, మాటలు రాని పిల్లలు

కిందటి పోస్టులో "మ్యూజిక్ థెరపీతో మాటలు వస్తాయి" అన్న వాక్యాన్ని తీసేశాం. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆటిజం ఉన్నవారిపై వచ్చిన 26 అధ్యయనాలను చూసిన 2022 కోక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, మొత్తం మీద మెరుగయ్యే అవకాశం బహుశా పెరుగుతుందంది. థెరపీ ముగిసిన వెంటనే చూస్తే మాటల్లో గానీ సైగల్లో గానీ స్పష్టమైన తేడా కనబడలేదు.

అయినా ఈ థెరపీ విలువైనదే. సంగీతకారుడు పాల్ నార్డాఫ్, ప్రత్యేక అవసరాల పిల్లల ఉపాధ్యాయుడు క్లైవ్ రాబిన్స్ 1959లో ఇంగ్లండ్‌లో మొదలుపెట్టిన పద్ధతిలో పిల్లలే ముందు నడుస్తారు. బాబు డ్రమ్ మీద రెండు దెబ్బలు వేస్తే, థెరపిస్టు అదే లయలో పియానోతో బదులిచ్చి, ఆగి, ఎదురుచూస్తారు. బాబు మళ్లీ కొడితే అది సంభాషణే, నోట మాట లేకపోయినా.

దీనికోసం స్పీచ్ థెరపీని, మాటలకు బదులు చూపించే బొమ్మల కార్డులను మాత్రం దయచేసి ఆపకండి.