నలుగురి ముందు పోయిన పరువు

బైబిల్ పాత్రల మీద రాసిన నవలలకు అమెరికాలో మంచి గిరాకీ ఉంది. రాహాబు, రూతు, బత్షెబ, సమరయ స్త్రీ, ఎవరి కథ కావాలన్నా ఏదో ఒక నవల దొరుకుతుంది. ఇక్కడి మన తెలుగు చర్చిల్లో కూడా చదివేవాళ్లున్నారు. దాదాపు అన్నిటి వరస ఒకటే. సిగ్గుతో కుంగిపోయిన స్త్రీ, ఆమెను విడిచిపెట్టకుండా ప్రేమించే మనిషి, ఆ ప్రేమలో దేవుణ్ణి గుర్తుపట్టి ఆమె మళ్లీ తలెత్తుకోవడం. ఇవంటే నాకు చాలా ఇష్టం. విశ్వాసం మనిషిని నిలబెడుతుందని నేనూ నమ్ముతాను. కానీ వీటిలో చాలావాటిలో ఒక పెద్ద లోటు ఉంది. దాన్ని తీర్చగలిగేది తెలుగులో రాసేవాళ్లేనని నా గట్టి అభిప్రాయం.

ఆ నవలల్లో సిగ్గు ఎక్కువగా గుండెలోనే ఉంటుంది. హీరోయిన్ తనను తానే అసహ్యించుకుంటుంది, ప్రేమించినవాడు కన్నీళ్లు తుడుస్తాడు, ఆమె తనను తాను క్షమించుకుంటుంది, కథ అయిపోతుంది. మనకు అలా కుదరదు. మన సిగ్గు నలుగురి కళ్లలో ఉంటుంది. ఉద్యోగం పోయినవాడికి జీతం కంటే "ఊళ్లో తెలిస్తే ఎలా" అన్న టెన్షనే ఎక్కువ. కూతురు విడాకులు తీసుకున్న సంగతి ఇండియాలో చుట్టాలకు ఏళ్ల తరబడి చెప్పని తల్లిదండ్రులు మన మధ్యే ఉన్నారు. శనివారం సాయంత్రం ఎవరింటి బేస్‌మెంట్‌లోనో ప్రార్థన కూడిక జరుగుతుంది. చివర్లో ప్రార్థన విన్నపాలు అడుగుతారు. వీసా స్టాంపింగ్, గ్రీన్ కార్డ్, ఊళ్లో నాన్నగారి మోకాలి ఆపరేషన్, ఇవన్నీ పేర్లతో సహా చెప్పుకుంటారు. అంతా అయ్యాక ఒకరు గొంతు తగ్గించి, "పేరు చెప్పలేను, ఒక సిస్టర్ కోసం ప్రార్థించండి" అంటారు. ఒక్కోసారి ఆ సిస్టర్ అదే గదిలో తల వంచుకుని కూర్చుని ఉంటుంది.

నలుగురి ముందు పోయిన పరువు నలుగురి ముందే తిరిగి రావాలి. బైబిల్ చెప్పేది ఇదేనని నా నమ్మకం. మార్కు సువార్త 5వ అధ్యాయం చూడండి. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ. ఆమె పేరు కూడా మనకు తెలియదు. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చు పెట్టుకుంది, జబ్బు ఇంకా ముదిరింది. లేవీయకాండం 15వ అధ్యాయం ప్రకారం ఆమె పడుకున్న పరుపు, కూర్చున్న పీట అన్నీ అపవిత్రమే. వాటిని ముట్టుకున్నవాళ్లు బట్టలు ఉతుక్కుని, స్నానం చేసినా సాయంత్రం దాకా మైలతోనే ఉండాలి. నెలకు మూడు రోజులు దూరంగా కూర్చున్న మన అమ్మమ్మలను అడిగితే ఆ బతుకు ఎలా ఉంటుందో చెప్తారు. ఈమెకు అది పన్నెండేళ్లు. అలాంటి మనిషి జనంలోకి వచ్చి, అందరినీ ఒరుసుకుంటూ వెనక నుంచి యేసు వస్త్రాన్ని ముట్టుకుంది. వెంటనే రక్తం ఆగింది.

జబ్బు నయమైంది. ఎవరికీ తెలియలేదు. గుట్టుగా ఇంటికి వెళ్లిపోవచ్చు. మన ఇళ్లలో అయితే అందరం కోరుకునేది అదే. కానీ యేసు ఆగిపోయారు. నా వస్త్రాలు ముట్టుకుంది ఎవరని అడిగారు. ఇంతమంది మీద పడుతుంటే ఎవరని అడుగుతారేమిటన్నారు శిష్యులు. ఆయన్ని తన ఇంటికి తీసుకెళ్తున్నవాడు యూదుల ప్రార్థనా స్థలమైన సమాజమందిరపు అధికారి యాయీరు. పన్నెండేళ్ల కూతురు ఇంట్లో చావుబతుకుల మధ్య ఉంది. ఆ ఆలస్యానికి ఆ తండ్రి ప్రాణం ఎంత కొట్టుకుని ఉంటుందో! అయినా యేసు కదల్లేదు. ఆమె వణుకుతూ వచ్చి, ఆయన ముందు సాగిలపడి, జరిగినదంతా చెప్పింది. అంతమందిలో ఆయన ఆమెను "కుమారీ" అని పిలిచారు. సువార్తల్లో ఆయన మరే స్త్రీనీ అలా పిలవలేదు.

ఆమె చాటుగా వెళ్లిపోయి ఉంటే ఒంటికి నయమయ్యేది, ఊళ్లో మాత్రం పాత మనిషిగానే మిగిలిపోయేది. ఇప్పుడు జనమంతా విన్నారు, మందిరపు అధికారి స్వయంగా విన్నాడు. పైగా పెద్దమనిషి పని ఆపి మరీ ఆయన ఆమె మాట విన్నారు.

అంతమందిలో ఆమె చేత చెప్పించడం క్రూరం కాదా అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన ఆమె జబ్బు గురించి అడగలేదు, ముట్టుకుంది ఎవరని మాత్రమే అడిగారు. మిగతాది ఆమె తనంతట తానే చెప్పింది. సాక్ష్యం పేరుతో ఎవరి గాయాన్నో మైకు ముందు కెలికించడానికీ దీనికీ ఏ పోలికా లేదు. మన చర్చిల్లో ఆ అలవాటు పోవాలి.

యోహాను సువార్త 4వ అధ్యాయంలోని సమరయ స్త్రీ దగ్గరికి వచ్చేసరికి నాకు బాధ ఇంకా ఎక్కువ. ఐదుగురు భర్తలు అనగానే నవలలూ ప్రసంగాలూ ఆమెను చెడిపోయిన మనిషిగా తేల్చేస్తాయి. ఆ భర్తలు చనిపోయారో, ఆమెను వదిలేశారో యోహాను రాయలేదు. ఇక పాపం చేయవద్దని కూడా యేసు ఆమెకు చెప్పలేదు. ఆ కథలో తెలుగువాడికి తగలాల్సిన చోటు వేరే ఉంది. మిట్ట మధ్యాహ్నం, సుఖారు ఊరి దగ్గర యాకోబు బావి. యూదులు సమరయులతో కలవరు. యేసు ఆమెను నీళ్లు అడిగారు. ఆయన దగ్గర చేదుకోవడానికి ఏమీ లేదు, బావి లోతైనది. అంటే నీళ్లు అడిగిన ఆ యూదుడు ఆమె కుండలోంచే తాగాలి. దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోసిన ఊళ్లు, రెండు గ్లాసుల టీకొట్లు చూసిన జాతికి ఈ ఒక్క మాట చాలదా? అమెరికన్ రచయిత ఇది అర్థం చేసుకోవాలంటే పుస్తకాలు తిరగెయ్యాలి. మనకు మన తాతల బతుకే చాలు.

1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బియ్యం కోసం మారారన్న మాట ఇప్పటికీ వింటాం. అక్కడి అమెరికన్ మిషనరీ క్లౌ మాత్రం ఆ నింద వస్తుందనే కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వలేదు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు పగటి వెలుగులో, అందరూ చూస్తుండగా ఒకే నదిలో దిగారు. సమరయ బావి కథ వాళ్లకు ఎలా వినిపించి ఉంటుంది? ఆ గుంపులోని ఒక స్త్రీ చెప్తున్నట్టు బైబిల్ కథను రాస్తే ఎంత గొప్ప నవల అవుతుంది! దారి కొత్తదేమీ కాదు. కులం పేరుతో అవమానాలు పడ్డ జాషువా గారు పద్యంలో క్రీస్తు చరిత్ర రాసి, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. నవలలో ఆ దారిన నడిచేవాళ్లు ఇంకా ఎంతోమంది రావాలి.

యెరికో పట్టణపు వేశ్య రాహాబు సంగతి కూడా ఒక మాట. యెరికో కూలాక ఆమెనూ ఆమె కుటుంబాన్నీ ముందు ఇశ్రాయేలీయుల పాళెం వెలుపలే ఉంచారని యెహోషువ గ్రంథం చెబుతుంది. నవలలు సాధారణంగా పెళ్లి దగ్గరికి పరుగెత్తుతాయి. నాకైతే ఆ వెలుపల గడిపిన రోజులే కావాలి. మత్తయి సువార్తలోని యేసు వంశావళి ప్రకారం ఆమె, రూతును పెళ్లాడిన బోయజు తల్లి. మోయాబునుంచి వచ్చిన రూతును చులకనగా చూడని మనిషి ఎవరి చేతుల్లో పెరిగాడో అక్కడ తెలుస్తుంది.

ప్రవక్త హోషేయ, ఆయన భార్య గోమెరుల కథ రాసేవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. వెళ్లిపోయిన భార్యను వెండీ యవలూ ఇచ్చి కొని తెచ్చుకున్న భర్త ప్రేమ గొప్పదే, ప్రవక్త దాన్ని దేవుడి ప్రేమకు గుర్తుగా చెప్పాడు. కానీ ఆ గ్రంథంలో గోమెరు ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆమెకు గొంతు ఇవ్వకుండా "ప్రేమ అన్నిటినీ సహిస్తుంది" అని రాసేస్తే, భర్త చేత దెబ్బలు తింటున్న మన ఆడపిల్ల ఆ నవల చదివి ఏం నేర్చుకుంటుంది? ఓర్చుకోమ్మా అని ఆమెకు ఇప్పటికే చాలామంది చెప్పారు. ప్రేమంటే ముందు ఆమెను ఆ ఇంట్లోంచి బయటికి తేవడం. ఆ తర్వాత సంఘంలో ఆమె పక్కన కూర్చోవడం.

నేను అందరికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్న నవల దావీదు రాజు కూతురు తామారుది. రెండో సమూయేలు 13వ అధ్యాయం. తల్లి వేరైన అన్న అమ్నోను ఆమెను చెరిచాడు. నా అవమానం ఎక్కడ దాచుకోవాలని ఆమె ముందే బతిమాలింది, వాడు వినలేదు. ఆమె తల మీద బూడిద పోసుకుని, రంగుల అంగీ చింపుకుని, చాటుగా కాదు, ఏడుస్తూ వీధిలోకి వచ్చింది. సొంత అన్న అబ్షాలోము ఆమెను ఊరుకోమన్నాడు, వాడు నీ అన్న కదా అన్నాడు. దావీదు కోప్పడ్డాడు, అంతకు మించి ఏమీ చేయలేదు. ఆమెకు న్యాయం జరిగిందని గ్రంథం ఎక్కడా చెప్పదు. అందుకే కథకుడు తొందరపడి సుఖాంతం అతికించకూడదు. ఊరుకోమన్న వాళ్లందరినీ పేరుపేరునా కథలోకి తేవాలి. తర్వాత అబ్షాలోము తన కూతురికి తామారు అని పేరు పెట్టుకున్నాడు. ఆ ఇంట్లోనే ఉండిపోయిన మేనత్త, ఆమె పేరుతో పెరుగుతున్న పిల్ల, ఒకరోజు ఆ పిల్ల "అత్తా, ఏం జరిగింది?" అని అడగడం. నవల అక్కడ మొదలుపెట్టవచ్చు. ఇలాంటిది రాసే ధైర్యం మన సభ్యుల్లో ఎవరికైనా ఉంటే, ఈ పత్రికలో సీరియల్‌గా వెయ్యాలని సంపాదక వర్గాన్ని కోరుతున్నాను. క్రైస్తవులు కానివాళ్లు రాసినా సంతోషమే.