కోరలు తగిలిస్తే ప్రేమకథ అయిపోదు

పిశాచాలూ మానవాతీత శక్తులూ ఉండే ప్రేమకథల గురించీ, అంటే పారానార్మల్ రొమాన్స్ గురించీ, దాని తోడబుట్టిన, ప్రేమతో నేరం కలిసి నడిచే రొమాంటిక్ సస్పెన్స్ గురించీ చాలామంది పదేపదే పంచుకునే మాట ఒకటుంది. దాని సారాంశం ఇది: "ఇదంతా 2005లో 'ట్విలైట్' అనే రక్తపిశాచి ప్రేమ నవల తెచ్చిన మోజు. మామూలు ప్రేమకథలో హీరోకి కోరలు తగిలిస్తే పారానార్మల్, వెనకాల ఒక హంతకుణ్ణి పరిగెత్తిస్తే సస్పెన్స్. చివరికి ఇద్దరూ కలుస్తారని ముందే తెలుసు కాబట్టి ఉత్కంఠ ఉండదు. చిక్కొస్తే మంత్రం ఉంది కాబట్టి రాయడం తేలిక. పైగా విధి రాసిన జంట అనే పేరుతో బలవంతాన్ని ప్రేమగా అమ్ముతారు."

చివరి మాటలో సగం నిజముంది. మిగతావి నిలబడవు. ఒక్కొక్కటే చూద్దాం.

"2005లో పుట్టింది"

తేదీలు చూస్తే చాలు, ఈ మాట పడిపోతుంది. ఆన్ రాడ్‌క్లిఫ్ ఇంగ్లీషు నవల 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో' 1794 నాటిది. పాడుబడిన కోట, తెర వెనక ఏముందో తెలియని భయం, దూరంగా ఉన్న ప్రియుడు, చివర్లో పెళ్లి, అన్నీ అందులోనే ఉన్నాయి. దెయ్యాలనుకున్నవాటికి ఆమె ఆఖరున లౌకికమైన కారణాలు చెబుతుంది. రొమాంటిక్ సస్పెన్స్ మూలాలు అక్కడున్నాయి. రక్తపిశాచిని జాలిపడదగ్గ ప్రేమికుడిగా అమెరికా ఇంటింటికీ తెచ్చింది 'డార్క్ షాడోస్' అనే పగటిపూట టీవీ సీరియల్. 1966లో మొదలై 1971 దాకా నడిచింది. లోరీ హెర్టర్ 'అబ్సెషన్' అనే వాంపైర్ రొమాన్స్ 1991లో వచ్చింది. క్రిస్టీన్ ఫీహన్ 'డార్క్ ప్రిన్స్' 1999. ఇక రొమాంటిక్ సస్పెన్స్ కోసమే, ప్రేమ నవలలు ప్రచురించే హార్లెక్విన్ సంస్థ 'ఇంట్రీగ్' అనే ప్రత్యేక వరస మొదలుపెట్టింది 1984లో. 'ట్విలైట్' వల్ల పాఠకులు పెరిగారు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ అది టీనేజీ పాఠకుల కోసం వచ్చిన పుస్తకం. పెద్దవాళ్ల పారానార్మల్ రొమాన్స్ అప్పటికే తన కాళ్ల మీద తాను నిలబడి ఉంది.

"హీరోకి కోరలు పెడితే చాలు"

అసలు తగువు ఇక్కడే. కథలో దెయ్యమో పిశాచమో ఉన్నంత మాత్రాన అది పారానార్మల్ రొమాన్స్ కాదు. యండమూరి 'తులసిదళం'లో క్షుద్రవిద్య ఉంది, భయం ఉంది. అయినా ఆ కథ ఇరుసు ఒక పాప ప్రాణం. కాబట్టి అది హారర్. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం చాలాకాలం రెండే షరతులు పెట్టింది: కథ మధ్యలో ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ మిగల్చాలి. పారానార్మల్ అనిపించుకోవాలంటే ఈ రెండిటికీ తోడు, అతీంద్రియమైన నియమమే ఆ ప్రేమకు అడ్డుగోడ కావాలి. మూడోది లేకపోతే కోరలు అలంకారంగానే మిగిలిపోతాయి.

ఇది ఎలా పనిచేస్తుందో నలినీ సింగ్ 'స్లేవ్ టు సెన్సేషన్' (2006) చూపిస్తుంది. ఆమె ఫిజీలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగిన రచయిత్రి. 'సై-చేంజ్‌లింగ్' అనే పెద్ద వరసలో ఇది మొదటి నవల. కథాకాలం 2079. మామూలు మనుషులు, జంతురూపం ధరించగల చేంజ్‌లింగ్‌లు, మనోశక్తులున్న 'సై' జాతి, ముగ్గురూ ఒకే లోకంలో ఉంటారు. తమ జాతిలో హింస, పిచ్చి పెరిగిపోతున్నాయని సై పెద్దలు 1979 నుంచి 'సైలెన్స్' అనే పద్ధతి పెట్టారు. పిల్లలకు చిన్నప్పటినుంచే భావోద్వేగాలు లేకుండా తర్ఫీదు ఇస్తారు. ఎవరిలోనైనా భావం కనిపిస్తే 'పునరావాసం' అనే పేరుతో మనసును తుడిచేస్తారు. అందరి మనసులూ ఒక అదృశ్యమైన వలకు కలిపి ఉంటాయి. ఆ వల నుంచి తెగిపోతే మెదడుకు కావలసిన ప్రతిస్పందన అందదు, మనిషి చనిపోతుంది.

సాషా సై జాతి పాలకమండలి సభ్యురాలి కూతురు. తనలో భావాలు చావలేదన్న సంగతి దాచుకుని బతుకుతోంది. లూకస్ చిరుతపులి గుంపు నాయకుడు. ఆ గుంపులో స్పర్శ అన్నంలాంటిది, అది లేకుండా వాళ్లు బతకలేరు. ఇప్పుడు చూడండి. ఆమెకు ప్రేమ కలిగితే అది నేరం. ప్రేమ బయటపడితే మనసు పోతుంది. ప్రేమ కోసం తన జాతిని వదిలితే ప్రాణం పోతుంది. మూడు మెట్లూ ఆ లోకపు నియమం నుంచే వచ్చాయి.

ఈ నవలలోంచి అతీంద్రియాన్ని తీసేయండి. మిగిలేది కాస్త ముభావంగా ఉండే ఒక అమ్మాయి, ఆమెను నవ్వించాలనుకునే ఒక అబ్బాయి. కథ లేదు. పుస్తకం మంచిదో కాదో తేల్చే పరీక్ష ఇదే: అతీంద్రియాన్ని చెరిపేశాక కూడా కథ అలాగే నడుస్తుంటే, ఆ రచయిత నిజంగానే కోరలు మాత్రమే తగిలించారు. అలాంటి పుస్తకాలు బజారులో ఉన్నాయి, కాదనడం లేదు. అవి ఆ ప్రక్రియలో చేతకాని పుస్తకాలు, ప్రక్రియకు నిర్వచనం కావు.

"వెనకాల హంతకుడుంటే రొమాంటిక్ సస్పెన్స్"

అదే పరీక్ష ఇక్కడ రెండువైపులా చేయాలి. నేరం తీసేస్తే ప్రేమ నిలబడకూడదు, ప్రేమ తీసేస్తే నేరం తేలకూడదు. పై నవలలోనే చూడండి. లూకస్ గుంపులోని ఒక స్త్రీ హత్యకు గురైంది. హంతకుడు సై జాతివాడనీ, ఆ జాతి పెద్దలు వాణ్ణి కాపాడుతున్నారనీ అతని నమ్మకం. సాషా తల్లితో ఇళ్ల నిర్మాణం ఒప్పందం కుదుర్చుకుని సాషాకు దగ్గరయ్యేది ఆ సమాచారం కోసమే. అంటే ప్రతి పలకరింపులో ఒక కూపీ ఉంది, ప్రతి కూపీలో ఒక నమ్మకద్రోహం ఉంది. ప్రేమ సన్నివేశం, పరిశోధన సన్నివేశం వేరువేరుగా రాయలేదు, ఒకటే రాసింది.

చాలా నవలలు చెడేది ఈ కలపడంలోనే. ఒక ప్రేమ అధ్యాయం, ఒక హత్య అధ్యాయం అని జడ అల్లినట్టు వంతులు వేస్తే రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి. హంతకుడు గుమ్మం బయట ఉండగా లోపల జంట ముద్దుల్లో మునిగితే పాఠకురాలికి కోపమొస్తుంది. ఆ కోపం న్యాయమైనది. ముందు తలుపులు వేయాలి: ఎక్కడున్నారు, కాపలా ఎవరు, ఎంతసేపు క్షేమం, ఇవి రెండు వాక్యాల్లో చెప్పి అప్పుడు దగ్గర చేయాలి. హంతకుణ్ణి మొదటి మూడో వంతులోనే, కథలో మామూలు పని ఒకటి అప్పగించి, పరిచయం చేసేయాలి. 90,000 పదాల నవలైతే 30,000 దాటకముందే అతను మనకు ఎదురుపడి ఉండాలి. ఆఖరి 50 పేజీల్లో కొత్త మనిషిని తెచ్చి వీడే అంటే అది ట్విస్ట్ కాదు, మోసం. నాయిక ఒంటరిగా చీకటి గదిలోకి దిగాలంటే భయం కన్నా బలమైన కారణం లోపల ఉండాలి, లోపల చిన్నపిల్ల ఏడుస్తున్నట్టు.

నాయకుడు పోలీసైతే ఇంకో చిక్కు. సాక్షితో ప్రేమలో పడ్డ అధికారి దర్యాప్తును ముద్దాయి తరఫు లాయర్ కోర్టులో నిలదీస్తాడు. తెలిసిన రచయితలు ఆ క్షణంలో అతణ్ణి కేసు నుంచి తప్పిస్తారు. ఆయుధం, అధికారం పోయి ప్రేమ మాత్రమే మిగిలిన మనిషి చేసే వెతుకులాట కథకు కొత్త బలం.

"ముగింపు తెలుసు, ఇంకేం ఉత్కంఠ"

ఈ మాట తెలుగువాళ్ల నోట వినడమే ఆశ్చర్యం. రాముడొస్తాడని తెలియని శ్రోత ఎవరైనా హరికథకు వచ్చారా? అయినా సుందరకాండ దగ్గర పందిరంతా ఊపిరి బిగబడుతుంది. ఎందుకో విప్పి చూస్తే రొమాంటిక్ సస్పెన్స్ పనిముట్లన్నీ దొరుకుతాయి. రావణుడు గడువు పెట్టాడు, ఇంకా రెండు నెలలే మిగిలాయి. సీత తన జడతోనే ఉరిపోసుకోవాలన్న ఆలోచనదాకా వచ్చింది. చెట్టు మీద హనుమంతుడున్నాడు, ఆ సంగతి మనకు తెలుసు, ఆమెకు తెలియదు. అతను ఏ భాషలో పలకరించాలా అని తర్జనభర్జన పడతాడు. తీరా కనిపిస్తే, మారువేషంలో వచ్చిన రావణుడేమోనని ఆమె అనుమానం. ఆ అనుమానం తీరడానికి గుర్తులు చెప్పాలి, ఉంగరం ఇవ్వాలి.

గడువు, ప్రాణాపాయం, పాఠకుడికీ పాత్రకూ తెలిసినదాంట్లో తేడా, రూపం మార్చే లోకంలో నమ్మకం ఎలా కుదరాలన్న ప్రశ్న, దానికి ఒక వస్తువు సాక్ష్యం. కలుస్తారా అన్నది కాదు, ఏం పోగొట్టుకుని కలుస్తారు, ఈ గంట ఎలా గడుస్తుంది అన్నదే ఉత్కంఠ. మంచి ముగింపు ఖాయమని మాట ఇచ్చినందువల్లే రచయిత మధ్యలో పాత్రల్ని ఎంత లోతుకైనా తోయగలుగుతారు. ఆ హామీ ఉంది కాబట్టే పాఠకులు అంత లోతుకూ వెంట వెళతారు.

"మంత్రం ఉంది కాబట్టి తేలిక"

నిజానికి మంత్రమే ఈ ప్రక్రియను కష్టం చేస్తుంది. మనసులు చదవగల నాయికను పెట్టారనుకోండి. హంతకుడు ఎదురైన మొదటి పేజీలోనే కథ ముగుస్తుంది. ప్రేమలో అపార్థానికీ చోటు లేదు. కాబట్టి ప్రతి శక్తికీ నాలుగు సంగతులు ముందే రాసిపెట్టుకోవాలి: ఏం చేయగలదు, ఎక్కడ ఆగుతుంది, వాడితే ఏం పోతుంది, ఆ సంగతి ఎవరికి తెలుసు. అదే నాయికకు తాకితేనే మనసు తెలుస్తుందని, అదీ ఆ క్షణపు ఆలోచన మాత్రమేనని, తర్వాత గంటసేపు కళ్లు కనపడవని పెట్టండి. ఇప్పుడు అనుమానితుడితో కరచాలనం ఒక సాహసం. నచ్చినవాడి చెయ్యి పట్టుకోవడం ఇంకా పెద్ద సాహసం. ఒకే హద్దు రెండు కథల్నీ నడిపింది.

చావులేని నాయకుడితో ఇంకో రకం ఇబ్బంది. అతణ్ణి కాలిస్తే ఎవరికీ భయం వేయదు. అపాయం అతను పోగొట్టుకోగల దానిమీదికి మళ్లాలి, సాధారణంగా ఆమె ఆయుష్షు మీదికి. 400 ఏళ్లవాడికీ 30 ఏళ్ల ఆమెకూ కలిసి బతికే దారి మూడే: అతను మర్త్యుడవడం, ఆమె అమరురాలవడం, ఆయుష్షు పంచుకోవడం. ఏదైనా సరే, దాని విత్తనం నవల సగం దాటకముందే పడాలి. ఆఖరి అధ్యాయంలో వరంలా ఊడిపడితే అంతవరకూ పడ్డ బాధంతా వ్యర్థమైపోతుంది.

శరీరం లెక్కలూ తప్పించుకోలేరు. మన రక్తనిధుల్లో ఒకసారి తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. ఆడవాళ్లకైతే మళ్లీ ఇవ్వడానికి నాలుగు నెలలు ఆగమంటారు. 60 కిలోల స్త్రీ ఒంట్లో ఉండే రక్తం సుమారు 4 లీటర్లు. పిశాచ నాయకుడు వారానికోసారి 350 చొప్పున తాగితే నెలకు 1,400. ద్రవం ఒకటి రెండు రోజుల్లో పూడుతుంది గానీ ఎర్రకణాలు కోలుకోవడానికి వారాలు పడుతుంది. నెల తిరిగేసరికి ఆమెకు మెట్లెక్కితేనే ఆయాసం, పరిగెత్తడం సంగతి అలా ఉంచండి. తెలిసిన రచయితలు ఇక్కడే ఏదో ఒకటి నిర్ణయిస్తారు: గుక్కెడు చాలునని, లేదా వేరే చోట రక్తం తెచ్చుకుంటాడని, లేదా అతని కాటులోనే గాయం మాన్పే గుణముందని. ఏది ఎంచుకున్నా ఆ తర్వాత మార్చకూడదు.

"బలవంతాన్ని ప్రేమగా అమ్ముతారు"

సగం నిజం ఇదే. 'విధి రాసిన జంట' అన్న ఊహను బద్ధకంగా వాడితే ఆమె ఇష్టంతో పని లేకుండా పోతుంది. అలాంటి నవలలు వచ్చాయి, వస్తున్నాయి, వాటిని తప్పుపట్టాలి. కానీ ఈ చిక్కు ఆ ప్రక్రియ కనిపెట్టింది కాదు. 'మనుచరిత్ర'లో ప్రవరుడు కాదనిపోయాక, వరూధిని అంతకుముందు తిరస్కరించిన గంధర్వుడే ప్రవరుడి రూపం ధరించి వచ్చి, కళ్లు మూసుకోమని షరతు పెట్టి ఆమెను పొందుతాడు. పాఠకుడికి తెలుసు, వరూధినికి తెలియదు. ఆ పద్యాల అందానికి తలవంచుతూనే, ఈనాటి పారానార్మల్ రొమాన్స్ కొలతలో ఆ గంధర్వుణ్ణి నాయకుడనలేం. రూపం దాచి దగ్గరైనవాడు అక్కడ ప్రతినాయకుడే.

మంచి రచయితలు పాటించే పద్ధతి స్పష్టంగా ఉంటుంది. తానెవరన్నది అతను దేహం కలవకముందే చెప్పాలి. జంటగా రాసిపెట్టి ఉందన్న సంగతి ఇద్దరికీ తెలియాలి, తెలిశాక కాదనే దారి తెరిచి ఉండాలి, ఆ దారిలో ఆమె ఒకసారైనా నిజంగా కొంతదూరం నడవాలి. మనసును లొంగదీసే శక్తి అతనికి ఉంటే ఆమె మీద ఒక్కసారి కూడా వాడకూడదు. పొరపాటున వాడితే దాని మూల్యం కథ చెల్లించాలి, ఒక క్షమాపణతో పోదు. ఆమెకూ అతణ్ణి ఆపగల బలం ఏదో ఒకటి ఉండాలి. సాషా సంగతే తీసుకోండి. లూకస్ కండబలం ముందు ఆమె చిన్నదే, కానీ అతని గుంపులో ఎవరికీ లేని శక్తి ఆమె మనసులో ఉంది. పనికిరానిదని తన జాతి నొక్కిపెట్టింది కూడా దాన్నే.