అటక మీద వేంచేసియున్న టేపురికార్డరు గారికి

మహారాజశ్రీ టేపురికార్డరు గారి దివ్య సముఖమునకు నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం కనుక్కుందామని మొన్న సంక్రాంతికి రాజోలు దగ్గర పాతింటికి వెళ్లినప్పుడు నిచ్చెన వేసుకుని పైకొచ్చాను. ఇత్తడి గంగాళానికీ ఉయ్యాల గొలుసులకీ మధ్య, అమ్మ అల్లిన లేసు ముసుగుతో సహా, మూతి బిగించుకుని కూర్చున్నారు. సెల్లులు పెట్టే చోట తుప్పు పచ్చగా పొంగింది. మిగతా ఒళ్లంతా కులాసాగానే కనిపించింది.

తమరికి తెలీదేమో, కింద లోకంలో తమరి రేటు పెరిగింది. మా మేనల్లుడు కొండాపూర్లో కొన్న ఫ్లాటులో టీవీ పక్కన పెట్టుకోడానికి తమరిని ఇమ్మంటున్నాడు. పాడక్కర్లేదట, ఊరికే కనబడితే చాలట. తమరికిది కొత్త ఉద్యోగమేం కాదు. ఉన్నన్నాళ్లూ తమరు చేసిందీ చాలావరకు అదే. ఇక క్యాసెట్టు పక్కన పెన్సిలు పెట్టి ఫొటో తీసి "ఈ రెండిటికీ సంబంధం తెలిస్తే మీరు అదృష్టవంతులు" అని పంపేవాళ్లు మా బంధువుల్లోనే నలుగురున్నారు. ఆ నలుగురిలో ఒక్కరి ఇంట్లోనూ అప్పట్లో తమరు లేరు. వినడానికి మా అరుగు మీదకే వచ్చేవాళ్లు.

1985లో మామయ్య కువైట్ నుంచి తమరిని దుప్పటిలో చుట్టి తెచ్చాడు. ఆ రోజు నుంచి తమరిని ముట్టుకునే హక్కు నాన్నగారొక్కరికే ఉండేది. 1963లో ఫిలిప్స్ వాళ్లు బెర్లిన్ ప్రదర్శనలో ఈ క్యాసెట్టును మొదట చూపించినప్పుడు, ఆఫీసుల్లో ఉత్తరాలు చెప్పి రాయించుకోడానికి పనికొస్తుందనుకున్నారట. నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని రిబ్బను, సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున, మా బామ్మ జపమాల తిప్పే వేగంతో నడిచేది. దాని మీద విజయవాడ రేడియో కేంద్రం హాస్య నాటికలన్నీ ఎక్కించి మునిమనవల దాకా దాచాలన్నది నాన్నగారి సంకల్పం.

రికార్డింగు రాత్రి మా ఇంట్లో 144 సెక్షను. రేడియోకి తమరికి మధ్య తీగ లేదు. రేడియో ముందు తమరిని మూరెడు దూరంలో బోర్లించకుండా బజ్జోబెట్టి, ఆ కాస్త చిల్లుల మైకుతోనే వినమనేవారు. ట్యూబులైటు వేస్తే రేడియో బుర్రుమంటుంది కాబట్టి ఆపేసేవారు. ఫ్యాను ఆపేసేవారు. 837 దగ్గర ముల్లు నిలబెట్టి, గోల తగ్గేదాకా రేడియోను గుమ్మం వైపుకీ పెరటి వైపుకీ తిప్పి, చివరికి ఎటో ఒకటు స్థిరపరిచి, తర్వాత మా మీదికి తిరిగేవారు. దగ్గు వస్తే పెరట్లోకి వెళ్లాలి. నవ్వు వస్తే తలగడలో నవ్వాలి. హాస్య నాటిక అండీ అది! అరగంట సేపు ఎనిమిది మందిమి చీకట్లో దుప్పట్లు కరుచుకుని కూర్చుంటే, చూసినవాళ్లు ఎవరో పోయారనుకునేవారు.

ఇంతా చేస్తే తమరి చెవికొక జబ్బు. ఎదుటివాళ్లు గట్టిగా అంటే చెవి మూసుకుంటారు, మాట ఆగితే ఇంకా ఇంకా నిక్కిస్తారు. శబ్దం మట్టాన్ని తనే సర్దుకునే సౌకర్యమని మామయ్య గొప్పగా చెప్పేవాడు. ఆ సౌకర్యం వల్ల పాత్రలు ఊపిరి తీసుకునే లోపు మా గోడ గడియారం కోవెల గంటలా మోగేది. అప్పుడు నాన్నగారు దాన్ని కూడా "ష్ష్!" అనేవారు. ఆ ష్ష్‌కి తమరు అదిరిపోయి చెవి మూసుకుంటే, తర్వాతి రెండు మాటలూ పాతాళంలోంచి వినిపించేవి. మా దగ్గరున్న క్యాసెట్లన్నిటిలోనూ అందరికన్నా స్పష్టంగా వినబడే నటులు మా నాన్నగారే.

సెల్లుల వల్ల జరిగింది ఇంకొకటి. చిలకమర్తి వారి నవల్లోని గణపతిని రేడియోలో నండూరి సుబ్బారావు గారి గొంతులో తెలుగువాళ్లందరూ విన్నారు. మా ఇంట్లో మాత్రం ఆ గొంతు ఏడేళ్ల పిల్లాడిది. ఆ వేళ కరెంటు పోయింది. వడియాల పక్కన ఎండబెట్టి బతికించిన సెల్లులతో తమరు ఈడ్చుకుంటూ రికార్డు చేశారు. కొత్త సెల్లులు వేశాక పరిగెడుతూ వినిపించారు. గణపతి ఒడుగు కాకముందే ఆ అల్లరంతా చేసేసినట్టుంటుంది. చాలా ఏళ్ల తర్వాత అసలు గొంతు విని మా చెల్లి "ఈయనెవరు?" అంది.

ఇవన్నీ క్షమించాం. తలకాయల సంగతీ క్షమించాం: చెరిపే తల ముందు, రాసే తల వెనక పెట్టుకుని, చెరిగిపోకుండా విరిచిన చిల్లుల మీద మా బాబాయి సెల్లోటేపు అంటించి తెచ్చిన క్యాసెట్టును కళ్లు మూసుకుని తుడిచేశారు. అసలు ఫిర్యాదు వేరు.

అది కొత్తల్లుడు పండక్కి వచ్చే నాటిక. పేరు రాయను. సి-60 క్యాసెట్టు, అటు ముప్పై నిమిషాలు, ఇటు ముప్పై. నాటిక అరగంటే. కానీ నాన్నగారికి ముందుచూపు ఎక్కువ. మొదట్లో ఒక్క మాట పోకూడదని ముందే నొక్కేశారు. అలా వరిలో సుడిదోమ నివారణ మీద నాలుగు నిమిషాలు భద్రమయ్యాయి. నాటిక సాగింది. అల్లుడు తెచ్చిన పెట్టె మీద అందరికీ అనుమానం. చివరికి అత్తగారు మూత తీసింది. "అయ్యో అల్లుడూ, ఇదేమిటి..." అంది. టక్!

చీకట్లో నాన్నగారు మూత తెరిచి, క్యాసెట్టు తిప్పి, రెండు బటన్లూ కలిపి నొక్కారు. కంగారులో రికార్డు చేసే ఎర్రది సరిగా దిగలేదు, మళ్లీ నొక్కారు. రిబ్బను మొదట్లో ఏమీ ఎక్కని తెల్లముక్క ఒకటి ఉంటుందని, వేలితో కాస్త ముందుకి తిప్పుకోవాలని ఆయనే మాకు నేర్పారు. ఆయనే మర్చిపోయారు. రేడియోలో ఏమన్నారో ఈ గిజగిజలో మేమూ వినలేదు. రెండో వైపు మొదలవగానే మామగారి గొంతు: "సరే, పోనీ, దాన్ని పశువుల కొట్టంలో కట్టేయండి." ఆపైన సంగీతం.

పెట్టెలో ఏముంది? అమ్మ మేకపిల్ల అంది. నాన్నగారు కుక్క అన్నారు. చెల్లి కోడిపుంజు అని పందెం కాసింది. బాబాయి, తన పెళ్లయ్యాక, వియ్యంకుడు అన్నాడు. పొరుగాయన పాలేరుతో కలిసి వచ్చి, రెండుసార్లు వేయించుకుని విని, "ఆయ్, పెట్టెలో ఏమీ ఉండదండి, కట్టేయమంది అల్లుణ్నేనండి" అని తీర్పు చెప్పి వెళ్లిపోయాడు. ప్రతి పండక్కీ ఈ పంచాయితీ జరిగింది. పెళ్లిళ్లై వచ్చిన కోడళ్లు కూడా ఏదో ఒక పక్షం చేరాల్సిందే.

మొన్న మేనల్లుడు ఫోనులో ఆ నాటిక మొత్తం పట్టుకొచ్చాడు. ఎవరో పుణ్యాత్ముడు పెట్టాడట, గడియారం గంటలు లేవు, ష్ష్‌లు లేవు. అందరం చుట్టూ చేరి విన్నాం. అత్తగారు మూత తీసింది. మాట పూర్తి చేసింది.

అందులో ఏముందో ఇక్కడ రాయను, రాస్తే నాకు మా ఇంట్లో అన్నం పెట్టరు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఇదేం బాగోలేదు, మన క్యాసెట్టులోదే నయం" అంది అమ్మ. ఎనభై నాలుగేళ్ల నాన్నగారు పడక్కుర్చీలోంచి లేవకుండానే, "తర్వాత మార్చుంటారు" అన్నారు. మన క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించి ఆ తప్పిన ముక్క అతికిస్తానని మేనల్లుడు సరదా పడ్డాడు. ఇల్లంతా ఒక్కసారి వాడి మీద పడింది.

కాబట్టి తమరిని కొండాపూర్ పంపడం లేదు. తుప్పు చింతపండు పెట్టి తోమించాను. బెల్టు సాగిపోయి మువ్వ తాడులా వేలాడుతోంది, కొత్తది దొరికితే వేయిస్తాను. అంతవరకు అటక మీదే మర్యాదగా ఉండగలరు.

ఇట్లు,
1986లో తమరి ఎర్ర బటను ఊరికే నొక్కి చూసినందుకు తొడపాశం తిన్నవాడు

తా.క.: కుక్కే అని మళ్లీ ఒకసారి రాయమన్నారు నాన్నగారు.